ఉండ విచ్చుకునే దాకా ఆగండి

చైనా బ్లాక్ టీ గురించి పోయిన నెల ఇదే పేజీలో నాలుగు ముక్కలు రాశాను. దాని మీద వచ్చిన మెయిళ్లు, వాట్సాప్ మెసేజీలు చూశాక మన ఇళ్లలో ఈ ఆకు నేననుకున్న దానికంటే ఎక్కువే ఉందని అర్థమైంది. ఎంబీబీఎస్‌కి వెళ్లిన పిల్లలు తెచ్చినవి, సరుకు కోసం గ్వాంగ్‌జౌ తిరిగే వ్యాపారులు తెచ్చినవి, ఆఫీసులో ఎవరో గిఫ్టుగా ఇస్తే అలమరలో మూలపడ్డవి. ఒకే ప్రశ్న పదిమంది అడిగితే ఒకరిదే తీసుకున్నాను. పేర్లు వేయట్లేదు, ఊళ్లు చాలు.

మా బాబు చైనాలో మెడిసిన్ చదువుతున్నాడు. ఈసారి సెలవులకు వస్తూ ఒక డబ్బా టీ తెచ్చాడు. తెరిస్తే పొడి లేదు, తెల్ల కాగితంలో చుట్టిన నల్లటి ఉండలు, ఒక్కోటి పెద్ద రేగుపండంత. ఒకటి పాలల్లో వేసి ఐదు నిమిషాలు మరిగించాను, పైపైన నాలుగు ఆకులు విడ్డాయి అంతే, పాలకు రంగే రాలేదు. రెండోసారి రోట్లో దంచి వేశాను, నోరు పిడచకట్టుకుపోయేంత వగరు. పారేద్దామంటే వాడు ఊరుకోవట్లేదు. దీన్నెలా పెట్టాలి? – ఒక అమ్మ, ఖమ్మం

పారేయకండమ్మా. ఇంకెప్పుడూ దంచకండి కూడా.

బాబు తెచ్చింది బహుశా యునాన్ టీ. ఈ ఉండల్ని అక్కడ లొంగ్‌జు అంటారు, డ్రాగన్ ముత్యాలని అర్థం. యునాన్ అంటే చైనాకి నైరుతి మూల, బర్మా పక్కన. అక్కడి చెట్టు మన అస్సాంలో పెరిగే పెద్దాకు రకమే. కోసిన ఆకును ముందు పరిచి వాడబెడతారు, మెత్తబడ్డాక నలుపుతారు. నలిగినప్పుడు లోపలి రసం పైకొచ్చి గాలి తగిలి ఎర్రబడుతుంది. వంకాయ కోసి ఉప్పునీళ్లలో వేయడం మర్చిపోతే ముక్కలు నల్లబడతాయి కదా, ఇక్కడ జరిగేదీ అదే, చేసే ఎంజైమూ అదే జాతిది. వంకాయలో మనం వద్దనుకునేదాన్ని వాళ్లు తేయాకులో కావాలని గంటల తరబడి చేయిస్తారు, వాసన సరిగ్గా తిరిగిన చోట ఆపి ఆరబెడతారు. ఈ ఆపడం ఎప్పుడన్నదే అసలు పనితనం.

ఇక ఉండ సంగతి. తయారైన ఆకును ఇన్ని గ్రాములని తూచి, ఆవిరి పట్టించి మెత్తబరిచి, చిన్న గుడ్డలో మూటగట్టి మెలిపెట్టి, అరచేతుల మధ్య చుట్టి, సన్నని వేడి మీద ఆరనిస్తారు. సున్నుండ చుట్టినట్టేగానీ నెయ్యి ఉండదు, ఆకు మెలికే ఆకును పట్టి ఉంచుతుంది. ఇక్కడొక చిన్న మాట. డబ్బా మీద చేత్తో చుట్టినది అని రాసుంటే ఎక్కువగా ఈ ఉండ చుట్టడం గురించే. అంతకుముందు ఆకు నలిపే పని ఇప్పుడు చాలా చోట్ల మిషన్ మీదే అవుతుంది, పూర్తిగా చేత్తో నలిపింది తక్కువ, ధరా ఎక్కువే. అందులో మోసమేం లేదు, తెలిసి కొనుక్కుంటే చాలు.

మీరు దంచితే ఎందుకు వగరెక్కిందో చెప్తాను, కింద రాసే జవాబులన్నీ దీని మీదే నిలబడ్డాయి. మన డబ్బా టీ పొడి సీటీసీ. ఆకును పళ్లున్న రోలర్ల మధ్య చిదిమి, చింపి, గింజల్లా చుట్టే పద్ధతి అది, 1930 ప్రాంతంలో అస్సాంలో మొదలైంది. ఆకు ఎంత చిన్న ముక్కయితే రంగూ వగరూ అంత వేగంగా నీళ్లలోకి దూకుతాయి, పాలు, పంచదార, అల్లం అన్నిటినీ తట్టుకుని నిలబడతాయి. మన టీకి అదే కావాలి, నేనూ పొద్దున్నే అదే తాగుతాను. మీ ఉండలో ఉన్నది మాత్రం చిరగని ఆకు. అది తన దగ్గరున్నది వాయిదాల మీద ఇస్తుంది. ఒక్కసారే గుంజుకోవాలని దంచితే తీపీ వాసనా వచ్చేలోపే వగరు మొత్తం వచ్చేస్తుంది.

ఇలా చేసి చూడండి. ఒక ఉండని టీ కప్పులో వేయండి. మరుగుతున్న నీళ్లు మునిగేదాకా పోసి, పది సెకన్లకి ఆ నీళ్లు వంపేయండి. ఇప్పుడు మీద సాసర్ మూతపెట్టి ఒక నిమిషం అలా వదిలేయండి. లోపలి ఆవిరికి ఉండ వదులవుతుంది, ఈ నిమిషం మాత్రం ఓపిక పట్టాలి. మళ్లీ మరిగే నీళ్లు పోసి అర నిమిషం ఉంచి గ్లాసులోకి వడకట్టుకోండి. మొదటి గ్లాసు పల్చగా అనిపిస్తుంది, కంగారుపడొద్దు. రెండోది రంగెక్కుతుంది. మూడో తడవకి ఉండ పూర్తిగా విచ్చుకుని కప్పు నిండా ఆకులే కనిపిస్తాయి, అసలు టీ అదే, అప్పుడు పదిహేను సెకన్లు కూడా ఎక్కువే. అక్కణ్నుంచి ప్రతి తడవా కొంచెం కొంచెం సమయం పెంచుకుంటూ పోతే ఏడెనిమిది సార్లు వస్తుంది. పంచదార వేయకుండా ఒక్కసారి తాగండి, నచ్చకపోతే నా పేరు చెప్పి తిట్టుకోండి.

ఇంట్లో నలుగురికీ ఒక్కసారే కావాలంటే, ఉండని ఇలాగే వదులు చేసి, ముప్పావు లీటరు మరిగిన నీళ్లు పోసి ఐదారు నిమిషాలు మూతపెట్టి వడకట్టేయండి. దించిన గిన్నెలో చేయండి, స్టవ్ మీద కాదు.

డబ్బా మీది చైనా అక్షరాలు ఫోన్‌లో ట్రాన్స్‌లేట్ చేస్తే రెడ్ టీ అని వస్తోంది, కొనేటప్పుడు బ్లాక్ టీ అన్నారు. పక్కన గాంగ్‌ఫూ అని కూడా ఉంది, అది బ్రాండా? – సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, హైదరాబాద్

రెండూ ఒకటే. మనం పొడి ఆకు నలుపు చూసి బ్లాక్ అంటాం, వాళ్లు గ్లాసులోని ఎరుపు చూసి హొంగ్ ఛా, అంటే ఎర్ర టీ అంటారు. తిరకాసు ఎక్కడంటే, చైనావాళ్లకి నల్ల టీ అని వేరే జాతి ఉంది. నిలవబెట్టి, పులియబెట్టి చేసేది, ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు అది వచ్చిపడితే మట్టి వాసనేంటని మీరు రిటర్న్ పెడతారు.

గాంగ్‌ఫూ బ్రాండ్ కాదు. సినిమాల్లో చూసే కుంగ్‌ఫూనే ఇది. కొట్టుకోవడానికీ దీనికీ సంబంధం లేదు, ఆ మాటకి అసలర్థం ఒక పని మీద పెట్టిన సమయం, శ్రమ, దాంతో వచ్చిన నేర్పు. ఆకు చిరగకుండా సన్నటి తీగల్లా మెలితిప్పి చేసే బ్లాక్ టీకి ఆ పేరు పెట్టుకున్నారు. అన్హుయ్ రాష్ట్రంలోని ఛీమెన్ జిల్లా టీ, ఇంగ్లీషువాళ్లు కీమున్ అనేది, ఈ కోవలో పెద్దపేరు. 1870ల దాకా అక్కడ గ్రీన్ టీయే చేసేవారు. 1875 ప్రాంతంలో బ్లాక్ టీ మొదలుపెట్టారు, 1915 కల్లా శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన పనామా పసిఫిక్ ఎగ్జిబిషన్‌లో బంగారు పతకం కొట్టుకొచ్చింది. మీ డబ్బా మీద డియెన్‌హొంగ్ అని ఉందేమో కూడా చూడండి. డియెన్ అంటే యునాన్ పాత పేరు. దాని పుట్టుక యుద్ధంలోంచి వచ్చింది. 1937లో జపాన్ దండెత్తాక తూర్పున ఉన్న టీ ప్రాంతాల నుంచి ఎగుమతి కష్టమైంది. విదేశీ డబ్బు కావాలి, అమ్మడానికి టీ కావాలి. అందుకని 1938లో ఫెంగ్ షావోఛ్యూ అనే నిపుణుణ్ని యునాన్‌లోని ఫెంగ్‌ఛింగ్‌కి పంపారు. ఆయన అక్కడి పెద్దాకుతో బ్లాక్ టీ చేసి చూపించాడు, మరుసటేడు హాంకాంగ్ మీదుగా లండన్ వెళ్లింది. అంటే వేల ఏళ్ల సంప్రదాయమని అమ్మే డియెన్‌హొంగ్‌కి నిండా తొంభై ఏళ్లు లేవు.

మీరు అడగలేదుగానీ పేర్ల మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. నేల దారిలో పర్షియా మీదుగా వచ్చింది చాయ్. చైనా ఆగ్నేయాన ఉన్న ఫుజియెన్ తీరంలో ఆకుని తే అంటారు, డచ్చివాళ్ల ఓడలెక్కి యూరప్ వెళ్లి టీ అయింది. తెలంగాణలో చాయ్ అంటాం, టీ అనీ అంటాం, తేయాకు అన్నప్పుడు ముందున్న తే కూడా ఆ ఫుజియెన్ మాటే. మనం రెండు దారుల్నీ ఇంట్లోనే పెట్టుకున్నాం.

మీరు చెప్పినట్టే చేశాను, టీ మీద నూనెలాంటి తెట్టు కడుతోంది. చెంచాతో కదిపితే ముక్కలుగా విరుగుతోంది. రంగు ఇంకులా ఉంది, వాసన శూన్యం. ఆకు కల్తీదా? మాది బోరు నీళ్లు. – అనంతపురం

మీ ఆఖరి వాక్యమే జవాబు. ఆకులో కల్తీ లేదు, నీళ్లలో సున్నం ఉంది. బోరు నీళ్లలోని కాల్షియం, టీలోని పదార్థాలు, పైన తగిలే గాలి, ఈ మూడూ కలిసి ఆ తెట్టు కడతాయి. మీ గీజర్‌లో, కుక్కర్ అడుగున తెల్లగా పేరుకునేది కూడా ఆ సున్నమే. నిరూపణ కావాలంటే ఆ కప్పులో రెండు చుక్కలు నిమ్మరసం వేయండి, తెట్టు పోతుంది, రంగు కూడా ఒక్కసారిగా తేలికవుతుంది. మన డబ్బా టీలో పాలు, పంచదార దీన్ని కప్పేస్తాయి కాబట్టి ఇన్నాళ్లూ కనబడలేదు.

క్యాన్ నీళ్లో, ఫిల్టర్ నీళ్లో వాడండి. అయితే మరీ ఉప్పంతా పిండేసిన ఆర్వో నీళ్లలో టీ చప్పగా ఉంటుంది, వానాకాలం చెరువు నీళ్లు తాగినట్టు. నేను చేసేదేంటంటే మూడు గ్లాసుల ఆర్వోకి అర గ్లాసు మున్సిపాలిటీ నీళ్లు కలుపుతాను. ఇది శాస్త్రం కాదు, మా వంటింట్లో కుదిరిన లెక్క. మీ బోరు ఎంత గట్టిదో దాన్నిబట్టి మీరే రెండు కప్పులు పక్కపక్కన పెట్టి తేల్చుకోవాలి. ఇంకోటి, నీళ్లు ఒక్కసారే మరగనివ్వండి. కెటిల్లో పొద్దుటి నుంచీ నాలుగుసార్లు కాగినవి వద్దు.

థర్మామీటర్ లేదు, గైవాన్ లేదు, కొననివ్వరు. స్టీలు గ్లాసు, టీ జాలీ ఉన్నాయి. ఎన్ని గ్రాములు, ఎన్ని నిమిషాలు? – విశాఖపట్నం

కొననివ్వరు అన్నారు చూడండి, ఆ మాటకి పది నిమిషాలు నవ్వుకున్నాను. గైవాన్ అంటే మూత గిన్నె అని అర్థం, అంతే. సాసర్ మూతపెట్టిన పింగాణీ కప్పు ఆ పని చేసేస్తుంది. స్టీలు గ్లాసు పనికొస్తుందిగానీ వేడి త్వరగా లాగేసుకుంటుంది, ముందు వేడినీళ్లు పోసి తొలిపి వాడండి.

విడి ఆకైతే 200 మిల్లీలీటర్లకి 3 గ్రాములు, 3 నిమిషాలు. ఇక్కడ చెంచా లెక్క నమ్మకండి. డబ్బా పొడి చెంచాలో కుదురుగా కూర్చుంటుంది, ఈ తీగల్లాంటి ఆకు కూర్చోదు, నిండా తీసినా గ్రామున్నర రాదు. బొటనవేలు, మరో రెండు వేళ్లతో దండిగా పట్టిన చిటికెడు రెండుసార్లు వేస్తే నా చేతికి 3 గ్రాములు. మీ చేయి వేరు. బంగారం కొట్టులో పరిచయముంటే ఒక్కసారి తూయించుకుని గుర్తుపెట్టుకోండి, లేదా చిన్న జేబు కాటాలు చవగ్గానే దొరుకుతున్నాయి, ఒకటి కొనండి, అది కూడా కొననివ్వరంటే నేనేం చేయలేను.

వేడి సంగతి. యునాన్ పెద్దాకు మరిగిన నీళ్లని అక్కడికక్కడే తట్టుకుంటుంది. ఛీమెన్ కాస్త సున్నితం, సుమారు 90 డిగ్రీలు చాలు. ఒట్టి మొగ్గలతో చేసినవాటికి ఇంకొంచెం తక్కువైనా పర్లేదు. థర్మామీటర్ బదులు కళ్లు వాడండి. అడుగున బుడగలు చేప కళ్లంత అయి పైకి లేస్తున్నాయంటే మరుగు దగ్గరపడింది, చైనాలో పాతకాలం నుంచీ ఇదే కొలత. గిన్నె దింపి, ఒక గ్లాసులోంచి ఇంకో గ్లాసులోకి ఒకసారి తిరగబోసి ఆకు మీద పోస్తే ఛీమెన్‌కి సరిపోతుంది. మనకి తిరగబోయడం ఎవరూ నేర్పక్కర్లేదు.

జాలీలో ఆకు వేసి పైనుంచి నీళ్లు పోయకండి. ఆకు నీళ్లలో ఈదాలి. కప్పులో వేసి, దిగాక వడకట్టండి. ఫిల్టర్ కాఫీ డికాషన్ దిగినట్టు దీనికీ ఒక దిగడం ఉంటుంది, తేడా ఏంటంటే డికాషన్‌ని మర్చిపోయి పేపరు చదువుకోవచ్చు, దీన్ని మర్చిపోతే వగరెక్కుతుంది.

చాయ్ తాగందే మా ఇంట్ల ఎవరికీ పొద్దు పోదు. డాక్టర్ నాకు రక్తం తక్కువుంది, హిమోగ్లోబిన్ 9 అన్నరు. ఈ టీ పాలు లేకుండ తాగితే మంచిదేనా? – వరంగల్

అన్నం తింటూనో, తిన్న వెంటనేనో తాగకండి. టీలోని వగరు పదార్థాలు ఆకుకూరలు, పప్పుల్లోని ఇనుము ఒంటికి పట్టకుండా అడ్డం పడతాయి, పాలు ఉన్నా లేకున్నా. భోజనానికి గంట ఎడం ఉంచండి. ఐరన్ మాత్రను టీతో మాత్రం అస్సలు మింగొద్దు. మిగతాది మీ డాక్టర్‌నే అడగండి, నేను టీ మనిషిని.

పాలు పోస్తే పాపమా? – గుంటూరు

పాపమేం కాదు. ఇంగ్లీషువాళ్లు బ్రేక్‌ఫస్ట్ టీ మిశ్రమాల్లో కీమున్ వేసి పాలు పోసుకునే తాగారు. డియెన్‌హొంగ్ కూడా ఐదు నిమిషాలు గట్టిగా దింపితే రెండు చెంచాల పాలు మోస్తుంది. పాలలోని ప్రోటీన్ వగరుని పట్టేసుకుంటుంది, దాంతోపాటు సన్న వాసనల్ని కూడా కప్పేస్తుంది. వంద గ్రాములు వేలల్లో పెట్టి కొన్న మొగ్గల టీలో పోస్తే మాత్రం పాపమే.

ఇక్కడ చైనా కొట్టులో జిన్ జున్ మెయ్ అని కొన్నాం, మొత్తం బంగారం రంగులో నిగనిగలాడుతోంది, రేటు కూడా బంగారంలాగే ఉంది. అసలుదేనా? ఇంకో ప్యాకెట్ లాప్సాంగ్ కొంటే ఇల్లంతా కాలిన వాసన, మావారు పారేయమంటున్నారు. – న్యూజెర్సీ

మొత్తం బంగారం రంగులో ఉందన్నారే, అక్కడే అనుమానం. జిన్ జున్ మెయ్ పుట్టింది ఫుజియెన్‌లోని ఊయీ కొండల్లో, తొంగ్‌ము అనే ఊళ్లో, 2005లో. మొన్నటి పిల్ల. మెయ్ అంటే కనుబొమ, మొగ్గ ఆ వంపులో ఉంటుంది. అర కిలోకి 50 వేలకు పైగా మొగ్గలు కావాలి, అన్నీ చేత్తో గిల్లాల్సిందే. తొంగ్‌ము చిన్నాకు మొగ్గలు సన్నగా, నలుపూ పసుపూ కలిసి ఉంటాయి. ఏకబిగిన బంగారంలా, బొద్దుగా, నూగుతో ఉన్నాయంటే ఎక్కువగా అది యునాన్ పెద్దాకు మొగ్గ. ఆ ఊరు ఎంత, అక్కడ చెట్లెన్ని, ప్రపంచమంతా అమ్ముడయ్యే జిన్ జున్ మెయ్ ఎంత అని ఒక్కసారి ఆలోచిస్తే సంగతి తెలిసిపోతుంది.

నేనూ మోసపోయాను, చెప్పుకోవడానికేం. గ్వాంగ్‌జౌలో ఉన్నప్పుడు ఒక టూరిస్టు ఊరు వెళ్లాం. అక్కడి కొట్టులో ఒకావిడ చిన్న గాజు గిన్నెలో పోసి పోసి ఎనిమిది రకాలు తాగించింది, తాగాక లేచి వెళ్లడానికి మొహమాటమేసి వంద గ్రాముల జిన్ జున్ మెయ్ కొన్నాను, ఆ నెల అద్దెలో సగం పోయింది. తిరిగొచ్చాక ఫాంగ్‌ఛున్ టోకు టీ మార్కెట్లో నాకు బాగా తెలిసిన పెద్దాయనకి గర్వంగా చూపించాను. ఆయన ఆకు నోట్లో పెట్టుకోలేదు, నీళ్లు కూడా పెట్టలేదు, అరచేతిలో పోసుకుని వెలుతురుకి తిప్పి చూశాడు, వేలితో ఒక మొగ్గని పక్కకి జరిపాడు, యునాన్ అన్నాడు. తర్వాత తన డబ్బాలోంచి అచ్చం అలాంటిదే ఒక గుప్పెడు తీసి పక్కన పోశాడు. ధర నేనిచ్చిన దాంట్లో పదో వంతు. తమాషా ఏంటంటే ఆ టీ బాగుంది. చాలా బాగుంది. మీదీ బాగుంటే తాగేయండి, ఈసారి మాత్రం యునాన్ మొగ్గలని అడిగి యునాన్ ధరకే కొనండి.

లాప్సాంగ్ కాలిపోలేదు. అదీ తొంగ్‌ము టీయే, అక్కడి పైన్ కట్టె పొగ మీద ఆరబెడతారు. సైన్యం వచ్చి టీ షెడ్డులో మకాం వేస్తే ఆకు పాడవుతుందని ఆదరాబాదరా పొగ మీద ఆరబెట్టారని కథ చెప్తారు, కథే అనుకోండి. ఊయీని అక్కడి తీర భాషలో పలికితే ఇంగ్లీషు చెవికి బోహియా అయింది. 1773లో మీ దేశంలోనే బోస్టన్ రేవులో సముద్రంలో కలిపిన 340కి పైగా పెట్టెల్లో ఎక్కువ భాగం ఈ బోహియానే. మీవారిని ఒక నెల ఆగమనండి. డబ్బా మూత కాస్త వదులుగా ఉంచితే పొగ ఘాటు తగ్గుతుంది. తర్వాత చలికాలం సాయంత్రం తాగిస్తే అమ్మమ్మగారింట్లో కట్టెల పొయ్యి మీద కాచిన నీళ్ల వాసన గుర్తొస్తుందేమో చూడండి. అప్పటికీ వద్దంటే సరే, ఇది అందరికీ పట్టే టీ కాదు. ఆ ఊళ్లోనే పొగ పెట్టకుండా చేసేది కూడా ఉంది, లిచీ లాంటి లాంగన్ పండు ఎండబెడితే వచ్చే వాసన వస్తుంది, అది అడగండి.

మీరంతా తేనె వాసన, పువ్వుల వాసన అంటారు. నాకు నాలుగుసార్లు తాగినా వేడినీళ్లు, వగరు, ఇంతే. నా నాలుక్కి ఏదైనా సమస్యా? – రిటైర్డ్ టీచర్, రాజమండ్రి

మాస్టారూ, మీ నాలుకకేం కాలేదు. వాసన పట్టేది ముక్కు, మీరు మర్యాదగా గుటక వేస్తున్నారు, ఆవిరి ముక్కుదాకా వెళ్లట్లేదు. చారు జుర్రినట్టు చప్పుడు చేస్తూ జుర్రండి. గాలి కలిసి వెనక దారిన ముక్కులోకి ఎక్కుతుంది. టీ ఫ్యాక్టరీల్లో రుచి చూసే నిపుణులు చేసేదీ ఇదే, వాళ్ల గదిలో నిలబడితే పదిమంది ఒక్కసారి పాయసం జుర్రుతున్నట్టు ఉంటుంది.

రెండోది, ఒక్క కప్పుతో ఏమీ తెలియదు. రెండు పక్కపక్కన పెట్టండి. ఇంట్లోని డబ్బా టీని పాలు లేకుండా ఒక కప్పు, ఇది ఒక కప్పు, రెండూ మూడేసి నిమిషాలు. అటొక గుక్క, ఇటొక గుక్క. తేడా అనేది నాలుకకి వెంటనే అందుతుంది, పేరు తర్వాత వస్తుంది. పేర్లు కూడా మీవే పెట్టుకోండి. ఆర్కిడ్ పువ్వు నేను గ్వాంగ్‌జౌ వెళ్లేదాకా వాసన చూసి ఎరగను, మరి ఛీమెన్‌లో ఆర్కిడ్ ఉందంటే నాకేం అర్థమవుతుంది? నాకు అందులో ఎండిన గులాబీ రేకలు, కొంచెం ఆపిల్ తొక్క దొరికాయి. డియెన్‌హొంగ్‌లో నిప్పుల్లో కాల్చిన చిలగడదుంప, పాకం పట్టకముందు కరిగించిన బెల్లం. మీకు పనసతొన కనిపిస్తే పనసతొన అనండి, ఎవరూ మార్కులు కోయరు.

చూడాల్సిన చోట్లు ఇంకొన్ని ఉన్నాయి. మూత తీయగానే మూత లోపలివైపు వాసన చూడండి, కప్పులోకంటే అక్కడ ఎక్కువ ఉంటుంది. తాగేశాక ఖాళీ కప్పు చల్లారనిచ్చి మళ్లీ చూడండి, మంచి టీ అయితే అడుగున తీపి వాసన నిలుస్తుంది. తెల్ల కప్పులో పోస్తే అంచు వెంట సన్నటి పసుపు గీత ఉంగరంలా కనబడుతుంది, దాన్ని వాళ్లు బంగారు వలయం అని మురిసిపోతారు, నలిపి ఎర్రబరిచే పని బాగా కుదిరిందనడానికి అదొక గుర్తు. చివరికి తడిసిన ఆకు తీసి పళ్లెంలో పరవండి. రాగి రంగులో, మెత్తగా, చిరగకుండా ఉందా, లేక నల్లగా గట్టిగా ముడుచుకుని ఉందా. మడత విప్పితే మొగ్గా పక్కన లేతాకూ విడివిడిగా కనబడాలి.

వగరు గురించి. వగరు తప్పు కాదు, అక్కడే ఉండిపోతే తప్పు. ఉసిరికాయ తిని మంచినీళ్లు తాగితే గొంతులో తీపి తిరిగొస్తుంది కదా, చైనావాళ్లు దాన్నే హుయ్‌గాన్ అంటారు, టీలో దానికోసమే వెతుకుతారు. మింగాక ఒక నిమిషం మాట్లాడకుండా ఆగండి. తీపి గొంతులోంచి పైకొస్తే మంచి టీ. నాలుక మీద తివాచీ పరిచినట్టు ఎండుగా ఉండిపోతే, ఆకు మంచిది కాదు, లేదా మీరు ఎక్కువసేపు ఉంచేశారు. ఏదో తేల్చుకోవాలంటే సమయం సగం చేసి మళ్లీ పెట్టండి. చైనాలో పరీక్షకి పెట్టేవాళ్లు మాత్రం తాగే పద్ధతికి పూర్తిగా ఉల్టా చేస్తారు. 150 మిల్లీలీటర్ల మరిగిన నీళ్లలో 3 గ్రాములు వేసి 5 నిమిషాలు వదిలేస్తారు, లోపం ఉంటే దాక్కోకుండా బయటికి రావాలని. కొనేముందు మీరూ అలా చేసి చూడొచ్చు. ఐదు నిమిషాల తర్వాత కూడా తాగగలిగితే కొనేయండి.

ఎక్కడ దాచాలి? ఫ్రిజ్‌లోనా? – నెల్లూరు

ఫ్రిజ్ వద్దు, బయటికి తీసిన ప్రతిసారీ చెమ్మ పడుతుంది. గాలి దూరని డబ్బాలో, ఎండ తగలని అరలో. పోపుల పెట్టె ఉన్న అరలో పెట్టకండి. మా ఇంట్లో ఒకసారి ఇంగువ డబ్బా పక్కన వారం రోజులు ఉంది, ఆ ఛీమెన్‌ని పులిహోరతో తప్ప దేనితోనూ తాగలేకపోయాం. కలరా ఉండలున్న బట్టల బీరువా అంతకంటే అన్యాయం.

ఎండలకి ఐస్ టీ చేద్దామని డియెన్‌హొంగ్ చిక్కగా దింపి సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టాను. పొద్దున చూస్తే పాలు కలిపినట్టు మబ్బుగా ఉంది. పాడైందా? – విజయవాడ

పాడవలేదు, సంతోషించండి. బ్లాక్ టీకి ఎరుపూ చురుకూ ఇచ్చే పదార్థాలు చల్లబడ్డప్పుడు కెఫీన్‌తో కలిసి గడ్డకట్టి అలా మబ్బు కడతాయి. పల్చని టీలో ఇది పెద్దగా కనబడదు, అందుకని చైనాలో దీన్ని చూసి సరుకు గట్టిదని చెప్పుకుంటారు. తేటగా కావాలంటే వేడిగా దింపకండి. 10 గ్రాముల ఆకుని లీటరు చల్లటి నీళ్లలో వేసి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచి పొద్దున్నే వడకట్టండి, వగరు కూడా తక్కువొస్తుంది. ఇప్పుడున్న సీసాలోంచి ఒక గ్లాసు తీసి వేడినీళ్ల గిన్నెలో నిలబెట్టండి, కాసేపట్లో తేటపడుతుంది. పడకపోతే, పుల్లటి వాసన కూడా వస్తుంటే, అప్పుడు పారబోయండి.